చచ్చి లేచాక నవ్వాలి

శవం వేషం వేసిన మనిషి షాట్ అవగానే లేచి, కెమెరా వంక చూసి నవ్వాలి. మా సీరియళ్లలో అది ఆచారం. ఆ నవ్వు టీవీలో రాదు. కీడు పోవడానికంతే. నేను తెర మీద చాలాసార్లు చచ్చాను, చచ్చిన ప్రతిసారీ నవ్వాను. ఒక్కసారి మాత్రం నవ్వు రాలేదు.

అప్పటికి మా ఊరు మహేశ్వరంలో అమ్మ పోయి నెల. గ్లిజరిన్ లేకుండా ఏడుస్తుందని పేరు తెచ్చుకున్నదాన్ని, అమ్మ శవం పక్కన కూర్చుంటే కంట ఒక్క చుక్క రాలేదు. "సీరియల్ల ఏడ్సి ఏడ్సి కండ్లల్ల నీళ్లు అయిపోయినయో ఏమో" అంది మేనత్త, అందరూ వినేలా. ఒళ్లు మండిపోయింది. అయినా ఏడుపు రాలేదు. నాలో ఏదో ఎండిపోయిందేమోనని భయం పట్టుకుంది.

అప్పుడు నటిస్తున్న సీరియల్‌కు మాటలు కూడా నేనే రాసేదాన్ని. నా పాత్రను చంపేద్దామని డైరెక్టర్ నిర్ణయించాడు. "మీ చావు మీరే రాసుకోండి మేడమ్" అని పైగా పరాచికం! రాశాను. అమ్మ చివరగా అన్న మాటే పెట్టాను: "పొయ్యి మీద పాలున్నయి, జర చూడు బిడ్డా." రాస్తున్నప్పుడు ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. పలికేటప్పుడైనా రాకపోతుందా అనుకున్నాను.

షూటింగ్ శంషాబాద్ పక్కన ఒక రైతు ఇంట్లో. కొత్త విమానాశ్రయం పుణ్యమా అని, నేను "పొయ్యి మీద" అనగానే నెత్తి మీద విమానం. సౌండ్ పాడైంది, మళ్లీ చావండి. మళ్లీ "పొయ్యి మీద", మళ్లీ విమానం. అమ్మ మాట నా నోట్లో చప్పబడిపోయింది. ఎలాగో చచ్చాను, కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"ఇక నవ్వండమ్మా" అన్నాడు మేకప్ చేసే పెద్దాయన. నవ్వితే గానీ గుమ్మం దాటనివ్వడు. పళ్లు బయటపెట్టాను. "అది నవ్వు కాదమ్మా" అన్నాడు. మళ్లీ ప్రయత్నించాను. ఊహూఁ. యూనిట్ అంతా నా మొహం వంకే చూస్తోంది.

చప్పుడవుతుందని ఇంటావిడను పొద్దుటినుంచి దొడ్లోకి పోనివ్వలేదు. ఆమెకిక ఓపిక చచ్చింది. వాకిట్లోంచి అరిచింది: "ఓ అక్కా! సచ్చుడైతే జల్ది సావకపోతివి, నవ్వుడన్న జల్ది నవ్వరాదే! నా బర్రె ఒర్రుతున్నది, పాలు పిండాలె!"

అందరం పక్కున నవ్వేశాం. మా అమ్మా అచ్చం ఇలాగే కసిరేది. ప్రాణం పోతున్నా ఆమెకు పాల గొడవే! అది తలుచుకోగానే నవ్వు మధ్యలోనే ఏడుపైంది. చచ్చిన మంచం మీదే ముడుచుకుని, "అమ్మా" అంటూ వెక్కివెక్కి ఏడ్చాను.

కెమెరా నడుస్తూనే ఉంది. "ఆపకు, బాగా వస్తోంది" అని డైరెక్టర్ కెమెరా అతనికి గుసగుసగా చెప్పడం వినిపించింది.

"ఆపండి!" అని అరిచాను. "ఈ ఏడుపు మా అమ్మది."