నాలుగు కోర్ల పరువు

మా ముత్తాత కొడల ఊరి చుట్టుపట్ల ఏడు గ్రామాల శిస్తు అనుభవించిన మొఖాసాదారు. తాతగారు బజారుకు వెళ్లి ఎరుగరు. వర్తకులే బట్టల మూటలతో మా వీధి అరుగు మీదకు వచ్చేవారు. వాళ్లు మొదట విప్పిన మూటను ముట్టుకోకుండా "పైరకం సూపించు" అనడం మా ఇంటి ఆచారం. గ్రామాలు పోయాయి, అరుగూ సగం కూలింది గాని, నేను ఉద్యోగం వెతుక్కునే ఆ రోజుల్లో ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. డిప్లొమా పూర్తిచేసిన నన్ను బరంపురంలో ఒక ఇంజనీరుగారు ఇళ్ల ప్లాన్లు గీసే పనికి వారం రోజుల పరీక్ష మీద రమ్మన్నారు. లాప్‌టాప్ ఎవరిది వారే తెచ్చుకోవాలి. మా ఇంట్లో రెండు తరాలుగా జీతం ముఖం చూసినవాళ్లు లేరు (జీతమన్న మాటే మా పెద్దలు గొంతు తగ్గించి పలికేవారు), కనుక ఆ పని నిలబెట్టుకోక తప్పదు.

బడా బజార్‌లో దుకాణానికి చిన్నాన్న నాతో వచ్చాడు, మడత నలగని పంచెతో. నా పనేమిటో విని షావుకారు ఒక నల్లటి లాప్‌టాప్ ముందు పెట్టాడు.

"రెండు కోర్లదండి. మీ పనికి సరిపోద్ది."

"కోరంటే ఏటి?" అన్నాడు చిన్నాన్న.

"లోపల పన్జేసే మడిసి లాంటిదండి."

"అయితే ఇద్దరేనా? మా ఇంట్లో వంటకే నలుగురుండీవోరు!"

"నాలుగు కోర్లదీ ఉందండి, అదే ధరకి. కానైతే ఏటంటే, ఆ నలుగురూ నీరసం మడుసులు. ఈ ఇద్దరూ గట్టోళ్లు. మీ గీతల పని ఒక్కడి మీదే పడతాది బాబూ, నా మాటినండి."

నాకది వింతగా తోచింది. మనిషికీ మనిషికీ ఉన్నట్టే కోరుకూ కోరుకూ బలంలో తేడా ఉంటుందా? ఎలా కొలుస్తారు? ఒకడు గీస్తుంటే మిగిలిన ముగ్గురూ ఏం చేస్తుంటారు? అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాని దుకాణంలో సందేహం అడగడమంటే మనకు తెలియదని ఒప్పుకోవడమే. నడుం నిటారుగా నిలిపి, "నాలుగు కోర్లదే కట్టండి" అన్నాను.

మొదటి రోజు ప్లాను తెరిచాను. ఇంజనీరుగారి టీ అయింది, వక్కపొడీ అయింది, తెర మీద వంటగది మాత్రం ఇంకా రాలేదు.

"ఏటి బాబూ, ఇల్లు గీస్తన్నావా, కడతన్నావా? ఎవుడంటగట్టాడు నీకిది?"

షావుకారు మీదకు నెట్టేయవచ్చు. నోరు రాలేదు. "షావుకారు వద్దన్నాడండి. నేనే పట్టుబట్టి కొన్నాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నిజం సెప్పావు కాబట్టి సోమారం దాకా సూస్తాను. పన్జేసేది పట్టుకురా."

పెట్టె విప్పిన సరుకును షావుకారు వెనక్కి తీసుకోలేదు. ఈసారి ఆయన ఎదుట స్టూలు మీద కూర్చుని, గంటసేపు అడగవలసినవన్నీ అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు (ఆ ముగ్గురూ చాలావరకు ఊరికే కూర్చుంటారట). ఆ రెండు కోర్లదే కొన్నాను. ఉద్యోగం నిలిచింది. నలుగురు నీరసం మనుషులను చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా దుకాణం మెట్లు దిగిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, పాపం అనీ అనిపిస్తుంది.

రెండో లాప్‌టాప్ కోసం మా పడమటింటి టేకు తలుపులు పురుషోత్తంపూర్‌లో హోటలు కడుతున్న ఒకాయనకు అమ్మాం.