గల్లీకి నేను చెప్పిన నీళ్ల పాఠం

నిజాం కాలంలో ఒక ఎండాకాలం, గౌలిపురలో మా గల్లీ నల్లా వారం రోజులు చుక్క రాల్చలేదు. మూలనున్న పాత బావే అందరికీ దిక్కయింది. నేనేమో బడిపంతులును, పైగా సైన్సు చెప్పేవాణ్ణి. నోరు ఊరుకుంటుందా? బావినీళ్లు వడకట్టి, బాగా మరిగించి తాగాలని ఇంటింటికీ తిరిగి చెప్పాను. విననివాళ్ల మీద కేకలేశాను. మా ఆవిడ పొగలో కళ్లు తుడుచుకుంటూ బిందెలకు బిందెలు కాచింది. ముంచుకునే చెంబును కూడా వేడినీళ్లతోనే కడిగించాను.

అయినా గల్లీ మొత్తంలో కడుపు పట్టుకుని మంచమెక్కింది నేనొక్కణ్ణే. నీళ్లు సరిగా కాచలేదని మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"గవే నీళ్లు మేం గూడ తాగినం గదా, మాకేం గాలే" అని ఆమె తన పనిలో పడింది.

నాకొక పహిల్వాన్ పిచ్చి ఉండేది. ఇంట్లో అందరూ పాలు కాచుకుని తాగేవారు. కాస్తే బలం పోతుందని నేను మాత్రం రోజూ పొద్దున్నే లోటాడు పచ్చిపాలు గటగటా తాగేవాణ్ణి. మూడోనాడు ఆ పాలు పోసే అవ్వ నా వాలకం చూసి గడప దగ్గరే ఆగిపోయింది. మంచం మీద పడి ఉన్నా నా పాఠం ఆగలేదు.

"అవ్వా, నువ్వు గా బాయినీళ్లు పచ్చియి తాగుతలేవు గదా?" అని గద్దించాను.

"మీరు గంతగనం చెప్పినంక తాగుతమా పంతులూ?" అని అవ్వ నొచ్చుకుంది. "ఒక్క చుక్క నోట్ల పోస్తలేం. గా నీళ్లు పాలల్ల కలుపుతందుకే."