పదో రోజు

1986 ఆగస్టు 12, మంగళవారం. ఉదయం పదిన్నరకు అమీర్‌పేటలో సిటీ బస్సు ఎక్కానని నా డైరీలో ఉంది. నా చేతిలోని ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూసి, పక్క సీటులోని వ్యక్తి తన జేబులోంచి అలాంటిదే తీశాడు.

"మీరు సుత ఆఫ్రికా పోతున్నరా సాబ్?"

"వచ్చే నెల అక్రా వెళుతున్నాను."

"నేను ఎల్లుండి గాడికే పోతున్న. మా తమ్ముడు దవాఖానల ఉన్నడు. జల్ది రమ్మని టెలిగ్రాం కొట్టిన్రు. జర చూడుండ్రి, కార్డు బరాబర్ ఉన్నదా?"

కార్డు ప్రకారం అతనికి టీకా వేసి రెండు రోజులే అయింది.

"ఇది పదో రోజు నుంచే చెల్లుతుంది. ఎల్లుండి వెళితే వెనక్కి పంపేస్తారు" అన్నాను.

అతను వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "డాక్టర్లు మా తమ్మునికి నాలుగు దినాలే అంటున్నరు సాబ్."

"నిబంధన అది."

"లెక్క తెలిసినోళ్లు దొరికిన్రు, నయం. అంత దూరం పోయి వాపస్ వస్తుంటి" అని సలాం చేసి, టికెట్ వాయిదా వేయించడానికి పంజాగుట్టలో దిగిపోయాడు.

మరుసటి నెల అక్రా విమానాశ్రయంలో నా ముందున్న ప్రయాణికుడి టీకాకు పది రోజులు నిండడానికి ఇంకా ఆరు రోజులు మిగిలాయి. అధికారి అతని బస చిరునామా రాసుకుని, జ్వరం వస్తే తెలియజేయమని చెప్పి, లోపలికి పంపించాడు. అందుకు రెండు నిమిషాలు పట్టింది.

ఆ నగరంలో పదకొండు రోజులున్నాను. సముద్రపుటొడ్డున నడిచిన దూరాలు సైతం డైరీలో రాసుకున్నాను. రెండు ఆసుపత్రుల గుమ్మాల దాకా వెళ్లి, ఎవరి గురించి అడగాలో తెలియక తిరిగివచ్చాను. ఆనాడు ఆ కార్డులో నేను చదివింది తేదీ ఒక్కటే. పేరు చూడలేదు.