బస్తా దించిన తర్వాత

మంగళవారం పొద్దున మా మేనమామ పోయాడు. ఛాతీలో నొప్పి అన్నాడట, దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసిన హమాలీ ఆయన. పేపర్లో ఫొటో వేసేంత పెద్దమనిషి కాదు కాబట్టి మీకు నేనే చెప్పాలి. నా చదువు గట్టెక్కిందంటే అది ఆయన చలవే.

యానిమేషన్ కోర్సు చివరి ఏడాది మూడు చిన్న సినిమాలు చేశాను. మూడింట్లోనూ ఒకడే హమాలీ. మొదటిదాంట్లో బస్తా ఎత్తుతాడు, రెండోదాంట్లో మోస్తాడు, మూడోదాంట్లో దించుతాడు. ఒకటి ఆగిన చోట ఇంకోటి మొదలవ్వాలి. మూడూ అతికినట్టు లేకపోతే పాస్ చేసేది లేదని మా సార్లు ముందే చెప్పారు. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా, శభాష్ అంటాడన్న ఆశతో మామకు ఫోన్లో చూపించాను.

మొదటి సినిమా సగంలోనే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

"ఒక్కడే ఎట్ల లేపుతాండు అల్లుడా? ఏ యార్డుల చూసినవ్?"

యార్డులో చూస్తే కదా! ఇంటర్నెట్‌లో బరువులెత్తే పహిల్వాన్లను చూసి గీశాను. ఇంట్లోనే హమాలీని పెట్టుకుని ఆ పని చేశాను. సిగ్గంతా కోపమై బయటికొచ్చింది.

"బొమ్మల సినిమా మామా. గవన్ని ఎవ్వరు పట్టించుకోరు."

"నువ్వు పట్టించుకోవా మరి?" అన్నాడు, అరవకుండా.

మర్నాడు పొద్దున యార్డుకు తీసుకెళ్లాడు. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. నన్ను వంచి, చేతులు మోకాళ్ల మీద పెట్టించాడు. నా వెనక ఇద్దరు బస్తా పైకెత్తి పట్టుకున్నారు. "ఊపిరి పట్టు" అన్నాడు మామ. బస్తా పడదే! ఎప్పుడు పడుతుందో తెలియక మెడ బిగుసుకుపోయింది, కాలివేళ్లు నేలను కరుచుకున్నాయి. అప్పుడు వేశారు. నాలుగడుగులకే పక్కకు తూలాను. మామ నా ముందు చేతులు చాచి, నన్ను తాకకుండా వెనక్కి నడుస్తూ ఉన్నాడు. "ఫికర్ చెయ్యకు, నేనున్న."

బస్తా దించాక నిలబడబోయాను. నడుము లేవలేదు. చుట్టూ అందరూ నవ్వారు, మామ తప్ప.

"దించినంక గూడ జరసేపు వీపుకు తెల్వది అల్లుడా. గది గియ్యి."

మొదటి సినిమా మొత్తం, మూడోదాని చివరి భాగం మళ్లీ గీయడం మొదలుపెట్టాను. బస్తా ఎత్తడానికి ఇద్దర్ని కొత్తగా తెచ్చాను. మామ రోజూ పని దిగి వచ్చి, ఒంటి మీది మిర్చి దుమ్ముకు మేం తుమ్ముతామని గడప బయటే కూర్చునేవాడు. "ఏది, వాని మెడ చూపియ్" అనేవాడు. చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఒక్కోసారి ఆయన రాకపోతే బాగుండని కూడా అనుకున్నాను. గడువుకు ముందురోజు మాత్రం తల ఊపలేదు.

కాలేజీలో సినిమాలు వేశారు. మూడోదాని చివర, వీపు మీద ఏమీ లేని మనిషి ఇంకా వంగే ఉన్నాడు. బొమ్మ ఆగిపోయిందనుకుంటున్నారేమోనని అందరి వైపూ చూశాను. ముందు వరుసలో ఒక సార్ తన భుజం తానే తడుముకోవడం కనిపించింది. పాసయ్యాను. మామకు ఫోన్ చేస్తే, "ఇగ నడుం లేపు" అని నవ్వాడు.

మంగళవారం సాయంత్రం పాడె మోయడానికి యార్డు హమాలీలు వచ్చారు. నాకూ ఒక పక్క భుజం ఇమ్మన్నారు. "ఊపిరి పట్టు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పట్టాను.

శ్మశానంలో దించాం. మిగతావాళ్లు పక్కకు జరిగారు. నేను భుజం వంచి అక్కడే నిలబడిపోయానట. మా చిన్నాన్న నన్ను పక్కకు లాగబోతే ఒక ముసలి హమాలీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జరసేపు ఉండనియ్."