మైకులో పలకని పేరు

మొన్న ఎన్నికల హడావుడిలో పార్టీ కార్యకర్తలు ఇద్దరు రాప్తాడులో ఇప్పుడు నేనుంటున్న ఇంటికి వచ్చి, ఫ్లెక్సీ మీద వేయడానికి మా ఆయన మిలిటరీ డ్రెస్సులో ఉన్న ఫొటో కావాలన్నారు. ఇచ్చాను, కాఫీ కూడా ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ ఒకడు, "ఏమవ్వా, ఆ పొద్దు స్టేజీ దిగిపోకుంటే సారు ఎమ్మెల్యే అయ్యేవాడంట కదా, ఎందుకు దిగిపోయినాడు?" అని అడిగాడు. గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు.

మా ఆయనది కళ్యాణదుర్గం అవతల, వానను నమ్ముకుని వేరుశనగ వేసే పల్లె. సైన్యంలో కర్నల్ దాకా ఎదిగి, రిటైరయ్యాక మళ్ళీ ఆ ఎర్రనేలకే వచ్చి చేరిన మనిషి. దేశం, ధర్మం, పెద్దల కట్టుబాటు అని ఆయన ఇంట్లో పొద్దస్తమానం చెప్పే మాటలే పార్టీ పెద్దలూ వచ్చి చెప్పి, ఎన్నికల్లో నిలబడమనేసరికి కాదనలేకపోయారు. ఆర్డరు లేనిదే అన్నం తినని మనిషి, జనాన్ని ఓట్లకోసం ఎలా బతిమాలుతారని నేను వేళాకోళం చేసేదాన్ని. అన్నట్టే అయింది. నాలుగింటికి సభ అంటే నాలుగింటికే మాట్లాడటం మొదలుపెట్టేవారు, ఎదురుగా మైకు సెట్టు అతనూ నేనూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అయినా జనానికి ఆయన మీద గురి కుదిరింది. ఊరికి ట్యాంకరు నీళ్ళు వస్తే పెద్ద ఇళ్ళ బిందెలన్నీ చివర పెట్టించేవారు. పటాలంలో అధికారి చివర తింటాడు, ఇక్కడా అంతే అనేవారు.

పార్టీకి మాత్రం ఒక షరతు పెట్టారు, చనిపోయిన జవాన్ల ఊసు సభల్లో ఎత్తకూడదని. కారణం నాకు తెలుసు. మా ఊళ్ళో గొర్రెలు కాసుకునే ఒకామె కొడుకును ఆయనే సైన్యంలో చేర్పించారు. తాను సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ పిల్లవాణ్ణి మా వాకిట్లో పరుగులు పెట్టించి, ఛాతీ కొలిచి, బరువు సరిపోవాలని నాచేత రాగి సంగటీ చెనిక్కాయల చట్నీ పెట్టించి మరీ పంపారు. ఆ పిల్లవాడు ఈయన పటాలంలోనే, మంచుచరియ విరిగిపడి పోయాడు. అప్పటినుంచీ ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి చెయ్యి ఆపేసి, ఎవరో పిలిచినట్టు వాకిలి వైపు చూసేవారు. ఆ తల్లి ఉండే వీధి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవారు. పోయినవాళ్ళను చూపించి ఓట్లడగడం శవం మీద ఎక్కి నిలబడటమే అనేవారు.

కళ్యాణదుర్గంలో పెద్ద సభ జరిగిన రోజు నేను ముందు వరుసలో ఆడవాళ్ళ కుర్చీల్లో ఉన్నాను. ఆయన స్టేజీ ఎక్కేసరికి అక్కడ ఆ తల్లి కూర్చుని ఉంది, ఉతికిన చీర కట్టుకుని, కొడుకు ఫొటో ఒళ్ళో పెట్టుకుని. పార్టీ వాళ్ళు ఈయనకు చెప్పకుండా ఆమెను ఆటోలో పిలిపించారు. ఆమెను చూడగానే ఆయన మెడలో పార్టీ కండువా తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపి జీపు ఎక్కించారు. నేనూ పరుగున వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నా మొగుడు మగాడు అనిపించింది, అబద్ధమెందుకు, గర్వంతో గుండె ఉప్పొంగింది.

ఊరు దాటాక ఆమె నోరు విప్పింది.

"ఎందుకప్పా నన్ను దింపుకొస్తివి? వాళ్ళు బలవంతంగా తెచ్చినారనుకుంటివా? నేనే వస్తానని చెప్పి వచ్చినా. నా కొడుకు పేరు నువ్వు మైకులో పలుకుతావని, ఇంతమంది వింటారని వచ్చినా."

ఆయన జీపు ఆపలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. వెనక్కి వెళ్దామని నేనైనా అనలేకపోయాను. మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళి, గుడిసె ముందు అటెన్షన్‌లో నిలబడి, ఆ పిల్లవాడి పేరూ ఊరూ పటాలమూ గట్టిగా చెప్పారట. ఆమె గొర్రెల్ని విప్పుకుంటూ, "ఇప్పుడు ఈడ చెప్తే ఎవరు వింటారప్పా, గొర్లా?" అని మందను తోలుకుని వెళ్ళిపోయిందట. ఈ మాట ఆయనే నాతో చెప్పారు, నేల చూస్తూ.

పార్టీ వాళ్ళు ఆ టికెట్టు ఇంకొకరికి ఇచ్చారు. ఆ తర్వాత బత్తలపల్లిలో సభ జరిగినా, రాప్తాడులో జరిగినా, తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని వెళ్ళి చివరి వరుసలో కూర్చునేవారు, స్టేజీ మీదికి ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. కర్నల్‌కు పదవి పిచ్చి పట్టిందని నవ్వుకున్నారు. ఆ తల్లి చనిపోయిందని తెలిశాక కూడా వెళ్ళడం మానలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన పెదవులు కదులుతూ ఉండేవి, అదే వరస, పేరూ ఊరూ పటాలమూ.

ఇప్పుడాయనా లేరు. ఈ కాలంలో ప్రతి సభలోనూ జవాన్ల మాటే, ప్రతి గోడ మీదా వాళ్ళ బొమ్మే. తుపాకీ ఉంటుంది, జెండా ఉంటుంది, ఆ బొమ్మ ఎవరిదని అడిగితే వేసినవాడికే తెలియదు. పోయినవాళ్ళ ఊసెత్తడానికి సిగ్గుపడిన మనుషులు మా కాలంలో ఉండేవారు. ఆ సిగ్గు గొప్పదని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఆ తల్లి కడుపు మాత్రం దానివల్ల చల్లబడలేదు. ఆ పిల్లవాడికి సంగటి ముద్ద పెట్టిన చెయ్యి నాది. ఈ వయసులో నన్నెవరూ స్టేజీ ఎక్కించరు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను, చదివేవాళ్ళు ఒక్కసారి పైకి చదవండి. అతని పేరు తిప్పేస్వామి.