తాళం వేసిన పేజీ

ఆఫీసులో ఆవిడకి తాళాలమ్మ అని పేరు పెట్టింది ఎవరో తెలియదు గానీ, పెట్టినవాళ్ళకి మాత్రం మనిషి బాగా తెలుసు. నీటి సరఫరా ఆఫీసు రెండో అంతస్తులో, జిరాక్సు మిషను పక్క గదిలో, ఇరవై రెండేళ్ళుగా ఆవిడది ఒకటే పని. ఆఫీసువాళ్ళు పెద్ద భాషలో రాసిన ప్రతి కాగితాన్నీ మన భాషలో పెట్టడం. కుళాయి ఎప్పుడొస్తుంది, మీటరు పాడైతే ఎవరికి చెప్పుకోవాలి, వానాకాలం నీళ్ళు ఎలా తాగాలి, అన్నీ ఆవిడ చేతి మీదుగానే మన ఇళ్ళకి చేరేవి. ఒకప్పుడు ఆ గదిలో నాలుగు భాషలకి నలుగురు ఉండేవాళ్ళు. తర్వాత వెబ్‌సైటు వచ్చింది. దాన్ని దానంతటదే తొమ్మిది భాషల్లోకి తిప్పేసే యంత్రం వచ్చింది. ముగ్గురిని ఇంటికి పంపించారు. ఈవిడ మిగిలింది, అదీ సగం పూట ఉద్యోగానికి, యంత్రం రాసిన మన భాషని సరిచూడడానికి.

సరిచూడడం అంటే ఆవిడ లెక్కలో చివాట్లు పెట్టడమే. "ఈ నీరు త్రాగబడుటకు యోగ్యమైనదిగా ఉండును" అని యంత్రం రాస్తే, "ఎవరింట్లో మాట్లాడతారే ఇలా" అని తెర మీదే గొణిగేది. కొట్టేసి "ఈ నీళ్ళు తాగొచ్చు" అని రాసేది. రాసి, వాక్యం పక్కనున్న చిన్న తాళం బొమ్మ నొక్కేది. తాళం పడ్డ వాక్యం జోలికి యంత్రం మళ్ళీ రాదు. మిగతా ఎనిమిది భాషలకీ తాళం వేసే దిక్కు లేదు, అక్కడ యంత్రం ఆడింది ఆట. ఈవిడ మాత్రం పేజీలకి పేజీలు తాళాలు వేసుకుంటూ పోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే బాపతు. ఆ మొండితనమే లేకపోతే మన పేటల్లో సగంమందికి మీటరు బిల్లు కూడా అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి.

యంత్రాన్ని చూసుకునే ఇంజనీరు అమ్మాయి మొదటి రోజే చెప్పింది.

"మేడమ్, తాళం వేశాక అసలు పేజీ మారినా మీ పేజీ మారదు. మారిందని మీకు మెయిల్ వస్తుంది. అది మీరు చూసుకోవాలి."

చూసుకుంది, కొన్నాళ్ళు. కామా మారినా మెయిలే, ఫోను నంబరు మధ్య ఖాళీ జరిగినా మెయిలే. రోజుకి అరవై, డెబ్బై. చివరికి వాటన్నిటినీ విడిగా ఒక అరలో పడేలా చేసుకుని, తీరికప్పుడు చూడొచ్చులే అనుకుంది. అలా అనుకోనివాళ్ళు మనలో ఎవరైనా ఉంటే ముందుకొచ్చి ఆవిడని తిట్టొచ్చు.

ఆవిడ వేసిన తాళాలన్నిటిలోకీ ఆవిడకి ముద్దైనది 'నీళ్ళు ఇలా తాగండి' అనే పేజీ. రెండు రోజులు కూర్చుని రాసింది. అందులో పసిపిల్లల సంగతి ఇలా ఉంటుంది: "పాలు కలిపే నీళ్ళు కళపెళా మరిగేదాకా కాయండి. మూత పెట్టి చల్లార్చండి. తొందరపడకండి." చివరి మాట అసలు పేజీలో లేదు, ఆవిడే కలిపింది. తల్లి పక్కన నిలబడి చెప్పినట్టు ఉండాలని. ఆ పేజీని అచ్చు తీసి వంటగది గోడకి అంటించుకున్న ఇళ్ళు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆవిడ చెల్లెలిది.

చెల్లెలిది ఊరి చివరి కాలనీ, రెండు గదుల ఇల్లు. మొగుడు లారీ మీద వెళ్తే పది రోజులకి గానీ రాడు. పెళ్ళైన పదకొండేళ్ళకి, ముప్పై ఎనిమిదో ఏట, ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంకా ఏడు వారాలే. పేరు ఏం పెట్టాలో తేలక అందరూ బుజ్జి అంటున్నారు. తల్లికి పాలు చాలక డబ్బా పాలు పడుతున్నారు. తాళాలమ్మకి పిల్లల్లేరు. గురు, శుక్రవారాలు సెలవు పెట్టి, శని ఆదివారాలు కలుపుకుని నాలుగు రోజులు బుజ్జి దగ్గర గడిపింది. సీసాలు కడిగింది, గిన్నె పొయ్యి మీద పెట్టింది, గోడ మీద తన అక్షరాలు చూసుకుని మురిసింది.

శుక్రవారం పొద్దున పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. బట్టలు కుడుతుంది, వేరే భాష మనిషి, మన భాష వచ్చీరానట్టు మాట్లాడుతుంది. ఫోను చేత్తో చాపి పట్టుకుంది.

"కాచినా వద్దంట. పాపకి అసలు వద్దంట. సీసా నీళ్ళే కొనాలంట."

చెల్లెలు కంగారుగా అక్క వైపు చూసింది. అక్క ఫోను అందుకుంది. ఆ లిపి ఆవిడకి రాదు, కానీ అది తమ ఆఫీసు పేజీయేనని చూడగానే తెలిసింది. పేజీ కింద, యంత్రం తిప్పిన ప్రతి పేజీ కిందా ఉండే గుర్తు కూడా కనబడింది. నవ్వింది.

"ఇది మిషను రాసిందమ్మా. కాచమంటే కాచొద్దని రాసుంటుంది. దీని తెలివి నేను రోజూ చూస్తున్నదేగా." తన ఫోనులో మన పేజీ తెరిచి చూపించింది. "ఇదిగో, ఇది మనిషి రాసింది."

"మా అక్కే రాసింది," అంది చెల్లెలు.

పక్కింటావిడ ఇద్దరినీ కాసేపు చూసి, ఫోను కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆఫీసు మైకు బండి ఏదో చెప్తూ పెద్ద రోడ్డు మీదే తిరిగి పోయింది, సందుల్లోకి రాలేదు. ఎందుకైనా మంచిదని ఆ రోజు నుంచి తాళాలమ్మ నీళ్ళు ఇంకో రెండు పొంగులు ఎక్కువే కాచింది.

సోమవారం పదింటికి సీట్లో కూర్చుని, తెర వెలిగించి, తీరిక దొరికింది కదా అని ఆ మెయిళ్ళ అర తెరిచింది. రెండువందల పైచిలుకు ఉన్నాయి. కామాలు, ఖాళీలు. వాటి మధ్యలో ఒకటి, గురువారం పొద్దున తొమ్మిదిన్నరది. 'నీళ్ళు ఇలా తాగండి' అసలు పేజీ మారింది, మీ పేజీ తాళంలో ఉంది, అని. మారిన పేజీ చదివింది. ఊరి చివరి బోరుబావుల నీళ్ళలో నైట్రేటు అనే ఉప్పు ఎక్కువగా దొరికింది. పొలాల ఎరువుల్లోంచి దిగింది. ఆరు నెలల్లోపు పిల్లలకి ఆ నీళ్ళు పట్టకూడదు. కాస్తే అది పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పెదవులు, గోళ్ళు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మొదటిసారి చదివినప్పుడు వాక్యం బాగా రాశారనుకుంది. అలవాటు అలాంటిది. రెండోసారి చదువుతూ సగంలోనే ఫోను అందుకుంది.

చెల్లెలికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. పాప పడుకున్నప్పుడు ఫోను గొంతు నొక్కెయ్యవే అని నిన్ననే తను చెప్పి వచ్చింది. మళ్ళీ చేసింది. ఆరుసార్లు చేసింది. పక్కింటావిడ నంబరు తన దగ్గర లేదు. నాలుగు రోజులు గోడ అవతలే ఉన్న మనిషి పేరైనా అడగలేదని అప్పుడు తెలిసింది.

ఇంజనీరు అమ్మాయి కాఫీ కప్పుతో వచ్చి, ఆవిడ మొహం చూసి ఆగింది.

"ఏమైంది మేడమ్?"

"తాళం," అంది ఆవిడ. వేలితో తెర చూపించింది. అమ్మాయి చదివి, కప్పు కింద పెట్టి, "ముందు తీసెయ్యండి," అంది.

తాళం తీయడానికి ఒక్క నొక్కు చాలు. నాలుగు రోజులు అడ్డుకున్న మాటని యంత్రం రెప్పపాటులో రాసేసింది: "శిశువులకు ఈ నీరు మరిగించబడిననూ ఇవ్వబడరాదు." ఏ వాక్యం కనబడినా కొట్టేసే మనిషి, దాన్ని ముట్టుకోలేదు. మొరటుగా ఉంది, ముక్కలు ముక్కలుగా ఉంది, కానీ నిజం చెప్తోంది. పేజీ మూలన ఒక అంకె కనబడింది. గురువారం నుంచి మన భాషలో ఆ పేజీ తెరిచినవాళ్ళు మూడువందల పన్నెండు మంది.

"వీళ్ళకి చెప్పే దారుందా?"

"ఎంతమందో తెలుస్తుంది మేడమ్. ఎవరో తెలియదు."

బస్సులో ఆవిడకి సీటు దొరికింది గానీ కూర్చోలేదు. నిలబడితే బస్సు తొందరగా పోతుందా అంటే, ఆ క్షణంలో ఆవిడని అడిగితే పోతుందనే అనేది. ప్రతి స్టాపులో ఎక్కేవాళ్ళని, దిగేవాళ్ళని లోపల్లోపల తిట్టింది. పక్కింటావిడని తలుచుకుంది. అంత మర్యాదగా గుమ్మం బయటే నిలబడి చెప్పిందే, తను ఒక్కసారి ఆఫీసుకి ఫోను చేసి కనుక్కుంటే ఏం పోయేది. పోయేది పరువు. చెల్లెలి ముందు, పరాయి మనిషి ముందు, యంత్రం ముందు. ఆ పరువుని ఇప్పుడు ఏ కాలవలో పారేసుకోవాలో తెలియక, కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

చెల్లెలు తలుపు తీస్తూనే పెదవుల మీద వేలు పెట్టింది.

"మెల్లిగా అక్కా. ఇప్పుడే పడుకుంది. నిన్న సాయంత్రం నుంచి ఎంత బుద్ధిగా ఉందో, ఏడుపే లేదు."

తాళాలమ్మ చెప్పులతోనే లోపలికి వెళ్ళింది. కిటికీ తెర పక్కకి లాగింది. బుజ్జి పెదవుల చుట్టూ బూడిద రంగు తిరిగింది. గుప్పిట విప్పి చూస్తే చిన్న చిన్న గోళ్ళు నీలంగా ఉన్నాయి. నిన్న పొద్దున కూడా ఒళ్ళు కొంచెం రంగు తగ్గినట్టు కనబడితే, తెర నీడ అనుకుంది. పాపని ఎత్తుకుంటే మెడ వాలిపోయింది.

"ఏంటక్కా, ఏమైంది?"

"పద. నడువు ముందు."

పక్కింటావిడ కుట్టుమిషను మీద నుంచి లేచి వచ్చి, పాప మొహం ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా వీధిలోకి పరిగెత్తి కారు ఆపింది. తనూ ఎక్కి కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే తాళాలమ్మకి కొంత తేలికయ్యేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప మడమలోంచి రక్తం తీసి, దూది మీద అద్ది చూసింది. ఎర్రగా లేదు, మట్టి రంగులో ఉంది. అది చూడగానే నర్సుని కేకేసింది. గాలి గొట్టం పెట్టారు. ఏదో నీలం మందు చిన్న సూదిలోకి ఎక్కించారు. తలుపు అవతలికి తీసుకెళ్ళారు. కాసేపటికి డాక్టరమ్మ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. పెద్ద భాషలో అడగడం మొదలుపెట్టింది, చెల్లెలికి అది రాదు. ఇద్దరి మధ్యా తాళాలమ్మ నిలబడింది. ఇరవై రెండేళ్ళు చేసిన పనే.

"పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారు?"

చెప్పింది.

"గురువారం నుంచి పట్టొద్దని చెప్తూనే ఉన్నాం కదా. కాచి పట్టమని ఎవరు చెప్పారు వీళ్ళకి?"

"ఏమంటున్నారక్కా?" అంది చెల్లెలు.

ఆ క్షణంలో ఆవిడ ఇంకేం చెప్పినా చెల్లెలు నమ్మేది. పాప బరువు అడిగారని చెప్పొచ్చు. ఏమీ లేదులే అనొచ్చు. డాక్టరమ్మకీ తెలిసేది కాదు. పక్కింటావిడ ఒక్కతే బల్ల మీద నుంచి చూస్తోంది, ఆవిడకి రెండు భాషలూ సగం సగమే. తాళాలమ్మ గొంతు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు చెల్లెలికి చెప్పింది.

"నువ్వేగా అక్కా," అంది చెల్లెలు. నిష్ఠూరంగా అనలేదు. ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పింది. చెప్పాక, తను అన్నమాట తనకే అర్థమవుతున్నట్టు అక్క మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. మెల్లిగా, పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

డాక్టరమ్మ జవాబు కోసం చూస్తోంది.

"నేను," అంది తాళాలమ్మ పెద్ద భాషలో. "నేను చెప్పాను. ఆ పేజీ కూడా నేను రాసిందే. ఈ పక్కింటావిడ వద్దని చెప్తే, మిషను తప్పు రాసిందని నేనే పంపేశాను."

డాక్టరమ్మ కలం ఆగింది. కోప్పడుతుందనుకుంది తాళాలమ్మ. కోప్పడలేదు.

"పాప సంగతి సాయంత్రానికి గానీ చెప్పలేను," అంది. "ఆ పేజీ ఎంతమంది చూశారు?"

"మూడువందల పన్నెండు మంది."

డాక్టరమ్మ ఆ అంకె కాగితం మీద రాసుకుని, లోపలికి ఫోను చేసి మంచాలు ఎన్ని ఖాళీ ఉన్నాయో అడిగింది. చెల్లెలు మూసిన తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. తాళాలమ్మ ఆమె దగ్గరికి వెళ్ళబోయి, వెళ్ళలేక, బల్ల చివర కూర్చుంది.

అంతలో వరండా మొదట్లో గొడవ వినిపించింది. కౌంటరు దగ్గర ఒకావిడ, చంకలో దుప్పటి మూట, జుట్టు రేగిపోయి ఉంది. అక్కడున్న గుమాస్తాకి ఆవిడ మాట అర్థం కావడం లేదు. ఆవిడ చుట్టూ చూసి, గట్టిగా మన భాషలో అడిగింది.

"ఇక్కడ మన భాష తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

తాళాలమ్మ లేచింది. దగ్గరికి వెళ్ళి దుప్పటి తొలగించి చూసింది. మగపిల్లాడు, బుజ్జి కన్నా చిన్నవాడు. పెదవులకి అదే రంగు.

"నేనున్నానమ్మా. చెప్పు."

"డాక్టరుగారికి చెప్పండమ్మా," అంది ఆ తల్లి, ఆవిడ చెయ్యి పట్టుకుని. "నీళ్ళు బాగా కాచే పట్టానని చెప్పండి. మూత పెట్టి చల్లార్చానని చెప్పండి. ఒక్క పూట కూడా తొందరపడలేదని చెప్పండి."

తాళాలమ్మ డాక్టరమ్మ వైపు తిరిగి, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది.