నీలం బిందెల సర్వే

బిందెలు అమ్ముడుపోకపోవడానికి నా సోమరితనమే కారణమని కంపెనీవాళ్లు తేల్చేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. మేడ్చల్ గోదాములో అందరి ముందర ఆ మాట చదివి వినిపించి, నెల తిరిగేలోపు సరుకు కదలకపోతే ఇంటికి పొమ్మన్నారు.

మొన్న మా మనుమరాలు ఫోనులో చెప్పులు తెప్పించుకుంటే, ఇంకా కాలికైనా తొడగకముందే ఎట్లున్నాయో చెప్పమని ఆ ఫోను అడిగింది. నాకు పాత మంట మళ్లీ రగిలింది. తొంభైల్లో సంగతి ఇది. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్లాస్టిక్ బిందెలు అప్పుడప్పుడే ఇండ్లలోకి వస్తున్న కాలం. సూరారం నుంచి శామీర్‌పేట దాకా దుకాణాలకు బిందెలు వేసే పని నాది. బడికి పోయింది తక్కువే, పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చినవాణ్ణి; కాబట్టి బిందెల మీద కంపెనీ చేయించిన సర్వే కాగితాలూ అడిగి తీసుకుని చదివాను. పట్నం నుంచి టై కట్టుకున్న పిల్లలు వచ్చి, బిందె చేతికిచ్చి, నీలం రంగు నచ్చిందా అమ్మా అని అడిగి పోయారట. అందరూ నచ్చిందన్నారు. అబద్ధమేమీ కాదు, చక్కటి నీలమే. దాంతో కంపెనీ అన్ని బిందెలనూ నీలం రంగులోనే అచ్చుపోసింది. మరి నచ్చిన బిందెను జనం ఎందుకు కొంటలేరు? అమ్మేవాడు సోమరి! ఇదీ వాళ్ల లెక్క.

నిజం చెప్పాలంటే నాకూ అంతుపట్టలేదు. ఉక్రోషంతో ఒక బిందె పట్టుకుని పొద్దుగాల్నే సూరారంలో నల్లా దగ్గర లైన్ల నిలబడ్డ. ఆ లైనులో మనుషుల కంటే బిందెలే ఎక్కువ. ఆడవాళ్లు బిందెను వరుసలో పెట్టి ఇంటికి పోయి పొయ్యి ముట్టించుకుంటారు, పిల్లలకు జడలేస్తారు, నీళ్లొచ్చినయన్న కేక వినగానే ఉరికివస్తారు. స్టీలు బిందెల మీద పేర్లు కొట్టించుకున్నారు కాబట్టి ఎవరిది వారికి తెలుసు. నా నీలం బిందెను చూసి ఒకామె, "ఏందన్నా, గిసొంటివి ఇంకో పది వస్తే ఏది ఎవరిదో ఎట్ల తెలుస్తది? జుట్లు పట్టుకోవాల్నా?" అంది. పక్కనున్న అవ్వ అందుకుంది: "అందరికీ ఒక్కతీరు మొగుణ్ణి ఇచ్చినట్టుంది బిడ్డా, ఎవరోణ్ణి వాళ్లు ఎట్ల దేవులాడుకోవాలె?" లైనంతా పకపకా నవ్వింది. సిగ్గుపడుతూనే నేనూ నవ్వాను, ఎందుకంటే జవాబు దొరికింది.

రంగులు మార్చమని మేనేజరును అడిగితే, సర్వేలో నీలమే వచ్చిందన్నాడు. సోమరి అన్న మాట వెనక్కి తీసుకుంటారా అని అడిగితే నెల గడువు గుర్తుచేశాడు. సరేనని గోదాములో కూర్చుని బిందెల మెడలకు పెయింటు పట్టీలు పూశాను, ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ. అలియాబాద్‌లో రోడ్డు పక్కన పెట్టాను. ఈసారి నచ్చిందా అని ఎవరినీ అడగలేదు, మీ పక్కింటామె ఏ పట్టీ కొన్నదని అడిగాను. అయితే ఆ రంగొద్దు, ఇంకోటియ్యి అని ఎగబడ్డారు. అత్వెల్లి దుకాణదారు ఆటో కట్టుకుని గోదాముకే వచ్చాడు. నెల తిరగకముందే గోదాము ఊడ్చినట్టయింది. నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, లైను పోయింది. మంచిదే, ఆడవాళ్ల నడుములు బాగుపడ్డాయి. అయినా మనసులో మాట మొహం మీదే చెప్పి అంతమంది నవ్వే చోటు నాకు మళ్లీ దొరకలేదు.

ఆనాడు ఆ ఖాళీ గోదామును చూడటానికి మేనేజరు తానే వచ్చాడు. చాయ్ తెప్పించి, నన్ను సోమరి అన్న మాట సంగతి ఏమైందని మళ్లీ అడిగాను. చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "సోమరివి నువ్వు కాదయ్యా, లైను దాకా పోనోళ్లం మేమే. ఇగ ఏ రంగులు పోయాలో నువ్వు చెప్పు, మేం పోయిస్తం."